పాసైన సామాను

నా భార్య నర్సు. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు దవాఖానాలో పనిచేసేది. నాచారంలో మేమున్న గల్లీ మొత్తం ఆమెను ‘సిస్టర్’ అనే పిలిచేది. బీపీ చూపించుకోవడానికి వచ్చే పక్కింటి ముసలాయన దగ్గర నుంచి కిరాణా కొట్టాయన దాకా అందరికీ ఆమె సిస్టరే. ఆ లెక్కన నేను గల్లీకంతటికీ బావనయ్యాను. కిరాణా కొట్టాయన ఆ వరసను గట్టిగానే పట్టుకున్నాడు. పాల ప్యాకెట్ కోసం వెళ్తే చాలు, “బావా, ఈ వారం మా సిస్టర్‌ను ఏ గుట్ట ఎక్కిస్తున్నవ్?” అని పదిమందిలో అడిగేవాడు.

అడగడానికి కారణం లేకపోలేదు. నేను నాచారం పారిశ్రామికవాడలో పంపుల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, క్వాలిటీ విభాగంలో ఉండేవాణ్ణి. నాకు పగటి డ్యూటీ, ఆమెకు ఎక్కువగా రాత్రి డ్యూటీ. నేను బయల్దేరే వేళకు ఆమె వచ్చేది. నేను వచ్చే వేళకు ఆమె బయల్దేరేది. పెళ్ళైన కొత్తలో మా కాపురం చాలావరకు గడప దగ్గర తాళంచెవి చేతులు మారడంలోనే గడిచింది. “కూర గిన్నెల ఉన్నది”, “మోటర్ వేసిన, బంద్ చెయ్యి” అన్నవి మా ప్రేమ సంభాషణలు.

ఆ సమయంలో కరెంటు కొరత వచ్చి ఫ్యాక్టరీలకు వారానికో రోజు పవర్ హాలిడే పెట్టారు. మా యజమాని తల పట్టుకున్నాడు. నేనూ ఆయన ముందు తల పట్టుకున్నట్టే కూర్చున్నాను కానీ, లోపల సంతోషంగా ఉంది. మాకు కరెంటు లేని రోజు, ఆమె వీక్లీ ఆఫ్ తరచుగా ఒకటే అయ్యేవి. ఆదివారం ఆమె ఎలాగూ చర్చి వదిలి రాదు. అందుకని మా ఆదివారం వారం మధ్యలో వచ్చేది.

“ఇంట్ల ఉంటే బట్టలు ఉతుకుడు, పండుకునుడే అయితది. ఎటన్న పోదాం పా,” అని మొదట అన్నది ఆమే. ఈ మాట రాసి పెట్టడం అవసరం. ఎందుకంటే తర్వాత రోజుల్లో ఆమె ఇది ఒప్పుకోలేదు.

మొదట మౌలాలి గుట్ట ఎక్కాం. పొద్దున్నే మెట్లెక్కి, పైన ఒక బండ మీద కూర్చుని, కింద రైలు పట్టాలు చూస్తూ ఇడ్లీలు తిన్నాం. ఒక గూడ్సు బండి వెళ్తుంటే డబ్బాలు లెక్కపెట్టాను. ఎన్ని అని ఆమె అడగలేదు. నేనే చెప్పాను. “మంచిగున్నది. నాకు నిద్ర వస్తలేదనుకున్న, ఇప్పుడు వస్తున్నది,” అంది.

తర్వాత ఘట్‌కేసర్ దాటాక ఉండే చెరువు కట్టల మీద నడిచాం. బంద్ లేని వారం, బస్సున్న వారం చూసుకుని ఇంకొంచెం దూరం పోయాం. సికింద్రాబాద్‌లో మిలిటరీ సామాను అమ్మే దుకాణంలో వీపుకు తగిలించుకునే పెద్ద సంచి, ఇద్దరు పట్టే టెంటు కొన్నాను. చిన్న గ్యాస్ స్టవ్, టార్చిలైటు, తాడు, ప్రథమ చికిత్స డబ్బా కొన్నాను. నర్సును వెంటబెట్టుకుని వెళ్ళేవాడికి ప్రథమ చికిత్స డబ్బా ఎందుకని ఆమె నవ్వింది. నర్సుకే దెబ్బ తగిలితే అని నేను వివరించాను. నవ్వు ఆపి నావైపు కాసేపు చూసింది.

నడకల్లో ఆమె మాట్లాడేది. ఇంట్లో ఎప్పుడూ వినని మాటలు. జనగామ దగ్గరి వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు కోళ్ళగూట్లో దాక్కుని నిద్రపోతే ఊరంతా వెతికిన సంగతి, వార్డులో ఒక పెద్దాయన రోజూ ఆమెకు పెళ్ళి సంబంధాలు చెప్పే సంగతి, నాకు నవ్వితే ఎడమ కన్ను చిన్నదవుతుందన్న సంగతి. వీటిలో ఒక్కటీ తాళంచెవి ఇచ్చేటప్పుడు చెప్పుకునేది కాదు. ఈ నడకలే లేకపోతే మేమిద్దరం ఒకే గదికి వంతులవారీగా వచ్చిపోయే ఇద్దరు అద్దెవాళ్ళం. నాకు ఆ భయం ఉండేది. పైకి మాత్రం, కాళ్ళకు వ్యాయామం మంచిదని చెప్పేవాణ్ణి.

భువనగిరి గుట్ట మీద ఆ భయం నిజమయ్యేదాకా వచ్చింది. నాకొక పద్ధతి ఉంది. దారి మూడు భాగాలు చేసుకుంటాను. ప్రతి భాగం చివర ఆగి బూట్ల తాళ్ళు, సంచి పట్టీలు, నీళ్ళ సీసాలు వరసగా చూస్తాను. ఆ రోజు రెండో భాగం చివర, నున్నటి బండ మీద, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని నిలబడ్డ ఆమెను కాలు ముందుకు పెట్టమన్నాను, బూటు తాడు ముడి చూడటానికి. కాలేజీ కుర్రాళ్ళు కొందరు పైనుంచి దిగుతున్నారు. వాళ్ళలో ఒకడు ఆగి, చాలా మర్యాదగా, “అన్నా, కింద కూడ చెకింగ్ ఉన్నదా? మా దగ్గర లైసెన్స్ లేదు,” అన్నాడు.

వాళ్ళ నవ్వు కింద ద్వారం దాకా వినబడింది. ఆమె నవ్వలేదు. బండ మీద కూర్చుంది.

“సూడు,” అంది. “నాకు పడవ నడపాల్నని ఎప్పటినుంచో ఉన్నది. కృష్ణ ఒడ్డుకు పోదామన్నవ్ గద, ఆ ఒక్కదానికి వస్త. గది గూడ గిట్లనే ఉన్నదనుకో, ఇగ నువ్వొక్కనివే పో. నేను ఇంట్ల పండుకుంట.”

“గిట్లనే అంటే ఎట్ల?”

“గిదే. నేనేం జెప్పినా నువ్వు ఇనవ్. నువ్వు జెప్పుడు, నేను చేసుడు. ఇంకోటి, జర బరువు తగ్గియ్యి. ఆరు రోజులు పేషెంట్లను మోస్త. ఏడో రోజు నీ సామాను మోస్త.”

ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదు. వార్డులో ఇంజక్షన్‌కు ఏడ్చేవాళ్ళను చూసి చూసి, ఒక మాట అన్నాక వెనక్కి తీసుకోకపోవడం ఆమెకు అలవాటైంది. దిగేదాకా నేను ఏమీ తనిఖీ చేయలేదు. దానికే ఆమె మెచ్చుకుంటుందని అనుకున్నాను. ఆమె గమనించను కూడా లేదు.

కృష్ణ ప్రయాణం కుదరడానికి నెల పట్టింది. పండగ రోజు డ్యూటీ చేసినందుకు ఆమెకొక సెలవు వచ్చింది. దాన్ని వీక్లీ ఆఫ్ పక్కన కలుపుకుంది. కొల్లాపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, కొంత నడక. ఒడ్డున టెంటు వేసుకుని ఒక రాత్రి ఉండి, మర్నాడు రావాలని అనుకున్నాం. అక్కడ చేపలు పట్టేవాళ్ళు పుట్టి నడుపుతారు. పుట్టి అంటే వెదురుతో అల్లి, కింద తారు పూసిన గుండ్రటి బుట్ట పడవ. కాసేపటికి అద్దెకిస్తారని మా కంపెనీలో ఆ వైపు వాడొకడు చెప్పాడు.

సామాను ఆమె సర్దింది. నేను తనిఖీ చేశాను. ఇక్కడ మా కంపెనీ సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ ఇన్‌స్పెక్టర్ ప్యాకింగ్‌లో చేయి పెట్టకూడదు. పెట్టె తెరిచి, అందులో కీలకమైన భాగాలు మాత్రం బయటికి తీస్తాం. కొలుస్తాం, పరీక్షిస్తాం. బాగున్నవాటికి చిన్న పచ్చ స్టిక్కర్ అంటించి, పాసైన సామాను పెట్టే బల్ల మీద వరసగా పెడతాం. అక్కడితో మా పని అయిపోయినట్టు. తిరిగి పెట్టెలో పెట్టేది ప్యాకింగ్ వాళ్ళు. ఏళ్ళ తరబడి ఇదే చేసిన చేతులు నావి.

ఆమె డ్యూటీకి వెళ్ళాక, సాయంత్రం, సంచి విప్పాను. బరువు తగ్గించమన్న మాట గుర్తుంది. ఒక్కో వస్తువూ ఆ దృష్టితో చూశాను. తీసేయదగింది ఒక్కటీ కనబడలేదు. సరే, ఉన్నవి సరిగ్గా ఉన్నాయా చూద్దామని టెంటు కడ్డీలు తీసి కీళ్ళు పరీక్షించాను. స్టవ్ నుంచి బర్నర్ విప్పి రంధ్రాలు శుభ్రం చేశాను. టార్చి సెల్‌లు బయటికి తీసి మీటరు పెట్టి చూశాను. లైటర్ వెలిగించి చూశాను, కత్తి పదును చూశాను. అన్నీ పాసయ్యాయి. పచ్చ స్టిక్కర్లు అంటించి, వెనక గదిలో కుట్టుమిషన్ మీద వరసగా పెట్టాను. పట్టీలు కూడా సరిచేశాను. సంచి జిప్పు మూసి, పని పూర్తయింది కనుక, జిప్పు మీద కూడా ఒక స్టిక్కర్ అంటించాను.

మా ఇంట్లో ప్యాకింగ్ డిపార్ట్‌మెంట్ లేదు. ఆ సంగతి ఆ సాయంత్రం నాకు తట్టలేదు.

మర్నాడు తెల్లవారగానే నేను పెద్ద బస్టాండుకు ముందుగా వెళ్ళాలి. బస్సు వచ్చి నిలబడగానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపాలి. ఆమె డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, స్నానం చేసి, సంచి తీసుకుని వస్తుంది. మా ఏర్పాటు అది. ఆమె సంచిని తెరవలేదు. ఎందుకు తెరుస్తుంది? ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళే సామగ్రిని శుభ్రం చేసి, మూట కట్టి, మీద టేపు అంటించాక, వాడే క్షణం దాకా దాన్ని ఎవరూ విప్పకూడదని నర్సులకు నేర్పుతారు. జిప్పు మీద పచ్చ స్టిక్కర్ చూసి ఆమె చేయి దానంతటదే వెనక్కి పోయిందట. మా ఇద్దరిలో ఒక్కరికే ఇలాంటి అలవాటు ఉండుంటే సామాను ఇంట్లో మిగిలేది కాదు, బయల్దేరేముందు రెండోవాళ్ళు సంచి తెరిచి చూసేవాళ్ళు. ఈ తప్పు జరగాలంటే మేమిద్దరం ఒక ఇంట్లో ఉండాలి.

బస్టాండులో ఆమె నడిచొస్తుంటే దూరం నుంచే తేడా తెలిసింది. రాత్రంతా డ్యూటీ చేసిన మనిషి, సంచి వీపుకు తగిలించుకుని దాదాపు ఎగురుతూ వస్తోంది.

“ఏం సంగతి? ఇన్‌స్పెక్టర్ సారు మారిపోయిండు,” అంది సీట్లో కూర్చుంటూ.

“ఏమైంది?”

“బ్యాగ్ పూలబుట్ట లెక్కున్నది. నేను జెప్పింది ఇన్నవన్నట్టు. నాకైతే నమ్మబుద్ధి కాలే.”

నేను ఏమీ తగ్గించలేదు. అయినా ఆలోచించి చూస్తే దీనికి సమాధానం ఉంది. పట్టీలు సరిచేశాను కదా, బరువు భుజాల మీద నుంచి నడుం మీదికి దిగి ఉంటుంది. “కొంచెం సర్దిన,” అన్నాను గంభీరంగా. ఆమె నా చేతి మీద చేయి వేసి, “గిట్లుంటే ఎన్ని గుట్టలైనా ఎక్కుత,” అంది. షాద్‌నగర్ రాకముందే నా భుజం మీద నిద్రపోయింది. దారి పొడుగునా నా పట్టీల లెక్కను నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ఒడ్డు చేరాం. నల్లటి బండలు, వాటి మధ్య ఇసుక, అవతల ఎక్కడో నల్లమల గీతలాగా. నాలుగైదు గుడిసెలు, బోర్లించిన పుట్లు. ఒక గుడిసె ముందు పెద్ద వయసు ఆమె వల బాగుచేస్తూ కూర్చుంది. పుట్టి ఆమెదే. నీడ పోకముందే టెంటు వేసి తర్వాత నీళ్ళలోకి పోదామని నేను ఆమె వీపు మీది సంచి దింపించి, స్టిక్కర్ చింపి, జిప్పు తీశాను.

టెంటు గుడ్డ వచ్చింది. మేకులు వచ్చాయి. కడ్డీలు రాలేదు. గ్యాస్ డబ్బా వచ్చింది, బర్నర్ రాలేదు. టార్చి వచ్చింది. అది ఎందుకు అంత తేలిగ్గా ఉందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. కీలకం కాని వస్తువులన్నీ భద్రంగా ఉన్నాయి: ఉల్లిగడ్డలు, మరమరాలు, కారప్పొడి, ఉప్పు, తాడు, పేకముక్కలు.

“కడ్డీలేవి?” అంది ఆమె.

“పాసైనయ్.”

“పాసైతే?”

“కుట్టుమిషన్ మీదున్నయ్.”

ఆమె టెంటు గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత టార్చిని చేతిలోకి తీసుకుని ఊపింది. తర్వాత నన్ను చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“అంటే, నేను జెప్పినందుకు తగ్గలేదు బరువు.”

“లేదు.”

“నువ్వు ఇనలేదు.”

నేను చెప్పదలుచుకున్నవి చాలా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ప్యాకింగ్‌లో చేయి పెట్టకూడదన్న నియమం, దాని వెనక ఉన్న కారణం. వాటిలో ఏదీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. “వినలేదు,” అన్నాను. ఆమె లేచి వెళ్ళి నీళ్ళ దగ్గర బండ మీద కూర్చుంది. బస్సులో నా చేతి మీద ఆమె వేసిన చేయి నాకు కాదు, తన మాట విన్నాడనుకున్న మనిషికి వేసిందని తలుచుకుంటే, కడ్డీలు పోవడం చిన్న విషయమనిపించింది. ఇదే చివరి ప్రయాణమైతే, మంచి మాటతో మొదలై ఇలా ముగిసిందన్నమాట.

వల బాగుచేస్తున్న ఆమె అంతా చూస్తూనే ఉంది. “ఏమైంది బిడ్డా, లొల్లి పెట్టుకున్రా?” అని నా భార్యను కేకేసింది.

“లేదమ్మా. మా ఆయన డేరా తెచ్చిండు, కట్టెలు ఇంట్ల పెట్టొచ్చిండు.”

“కట్టెలేనా? నిన్ను గూడ ఆన్నే పెట్టి రాలే గద. నయమే.”

నా భార్య భుజాలు కదిలాయి. వెనక నుంచి చూస్తే అది ఏడుపో నవ్వో తెలియలేదు. తిరిగి చూసినప్పుడు నవ్వే. కానీ అది ఆ పెద్దామెకిచ్చిన నవ్వు, నాకు కాదు.

“పడవకైతే కడ్డీలు అవసరం లేదు గద?” అని అడిగింది నన్ను.

లేదన్నాను.

ఇద్దరికీ చెరొక తెడ్డు, నడుముకు చెరొక లారీ ట్యూబు ఇచ్చి, ఒడ్డు విడిచి దూరం పోవద్దని చెప్పి, పెద్దామె పుట్టిని నీళ్ళలోకి తోసింది. నా భార్య ముందువైపు కూర్చుని తెడ్డు వేసింది. పుట్టి ఎడమకు తిరిగింది. నేను సరిచేయడానికి వేశాను. ఇంకా గట్టిగా తిరిగింది. గుండ్రటి పడవకు ముందూ వెనకా ఉండవు, ఎవరి పక్క తెడ్డు పడితే ఆ బలానికి అది తిరుగుతుంది. ఈ సంగతి నేను చెప్పడం మొదలుపెట్టగానే, “పాఠం వద్దు,” అంది. సరే, పాఠం లేకుండా ఆదేశాలు ఇచ్చాను. ఇప్పుడు నువ్వు, ఇప్పుడు నేను, నువ్వు ఆపు, కొంచెం లోతుగా. ఒడ్డు, కొండ, గుడిసెలు, మళ్ళీ ఒడ్డు, వరసగా మా ముందు నుంచి వెళ్ళాయి.

“ఓ కొడుకా!” అని అరిచింది ఒడ్డు మీది పెద్దామె. “పిండి ఇసురుతున్నవా?”

గాలి లేచింది. మేం తిరుగుతూనే మెల్లగా బండల వైపు కొట్టుకుపోతున్నాం. ప్రమాదమేమీ లేదు, అక్కడ నీళ్ళు నడుముకు కూడా రావు. కానీ తారు పూత బండకు గీసుకుంటే పుట్టి పాడవుతుంది, అది ఇంకొకరి బతుకుతెరువు. నేను ఆదేశాలు వేగంగా ఇచ్చాను. పుట్టి కూడా వేగంగా తిరిగింది.

ఆమె తెడ్డు పైకెత్తి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇను. స్ట్రెచర్ మీంచి మనిషిని మంచం మీదికి మార్చేటప్పుడు నలుగురం ఉంటం. జెప్పేది ఒక్కరే. మిగిలినోళ్ళు లేపుడే. లేకుంటే పేషెంట్ కింద పడ్తడు. ఈడ జెప్పేది నేను. వచ్చి నా పక్కకు కూసో.”

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె కుడివైపు, నేను ఎడమవైపు. “ఒకటి, రెండు, మూడు, గుంజు,” అంది. గుంజాం. “ఒకటి, రెండు, మూడు, గుంజు.” ఆమె లెక్క సమానంగా లేదు. రెండుకూ మూడుకూ మధ్య ఒకసారి ఎక్కువ ఆగింది, ఇంకోసారి తక్కువ ఆగింది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నావైపు చూసింది, అది ఎప్పుడు బయటపడుతుందా అన్నట్టు. నేను మింగేశాను. మింగడం అంత సులభంగా లేదు. మళ్ళీ ‘గుంజు’ అన్నప్పుడు గుంజాను. పుట్టి ఒక్కసారి ఊగి, తిరగడం మాని, బండల నుంచి దూరంగా, దాదాపు తిన్నగా కదిలింది.

“పోతున్నదే!” అంది ఆమె, లెక్క మరిచిపోయి. పుట్టి మళ్ళీ తిరిగింది. “ఒకటి, రెండు!” అని అరిచింది. ఈసారి ఇద్దరం నవ్వుతుండటం వల్ల తెడ్లు నీళ్ళలో సరిగ్గా పడలేదు. అయినా ముందుకే పోయాం.

గాలి తగ్గాక తెడ్లు లోపల పెట్టుకుని మరమరాల్లో ఉల్లిగడ్డ, కారప్పొడి కలుపుకుని తిన్నాం. ఉల్లిగడ్డను తెడ్డు అంచుతో కొట్టి విరిచింది ఆమే. కత్తి కూడా పాసైంది మరి. వార్డులో సంబంధాలు చెప్పే పెద్దాయన ఇంటికి వెళ్ళిపోయాడని, పోతూ పోతూ, “నీ మొగడు మంచోడేనా?” అని అడిగాడని చెప్పింది. ఏమని చెప్పావని అడిగాను. “టెస్టింగ్‌ల ఉన్నడన్న,” అంది.

ఒడ్డుకు వచ్చేసరికి ఎండ మెత్తబడింది. పెద్దామె పుట్టిని చుట్టూ తిరిగి చూసింది. గీత పడలేదు. వాళ్ళ గుడిసెలో ఉండమంది కానీ, చిన్న గుడిసె, అందులో వాళ్ళే నలుగురు. సాయంత్రం బస్సు దొరికితే కొల్లాపూర్ పోయి అక్కడి నుంచి నగరానికి ఎక్కొచ్చని తేలింది. రెండు రోజుల ప్రయాణం ఒక్క రోజులో ముగిసింది. బస్సు దాకా సంచి నేనే మోశాను. నిజంగా పూలబుట్టలాగే ఉంది.

కొల్లాపూర్‌లో ఖాళీగా ఉన్న బస్సు దొరికింది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. రోజంతా నా గొంతులో ఉన్న ప్రశ్న అక్కడ అడిగాను.

“మళ్ళ వస్తవా?”

ఆమె అరచేతుల్లో తెడ్డు ఒరుసుకుని ఎర్రబడ్డ చోట్లను ఊదుకుంది.

“బ్యాగ్ ఎవరు సర్దుతరు?” అంది.

“నువ్వే జెప్పు.”

“నువ్వు సర్దు. సూసుడు వద్దు, సర్దుడే.”

“చూడకుండా ఎట్ల సర్దుతం?”

“గిదే నీ రోగం.” తల సీటుకు ఆనించి కళ్ళు మూసుకుంది. నేను నోరు మూసుకున్నాను. బస్సు ఊరు దాటింది. నిద్రపోయిందనుకున్నాను. అప్పుడు, కళ్ళు తెరవకుండానే, “బండల దిక్కు కొట్టుకపోతున్నప్పుడు నేను లెక్క తప్పిన గద?” అంది.

“తప్పినవ్.”

“నాకు ఎర్కే. నువ్వెప్పుడంటవో అని సూసిన.” పెదవి ఒక పక్కకు కదిలింది. “వస్త. ఈసారి ఎటు పోవాల్నో నేను జెప్త. మంచి జాగ ఉన్నది, మా వార్డు ఆయా జెప్పింది. ఆడికి...”

అక్కడే నిద్రపోయింది. ఎటు, ఎంత దూరం, ఏ బస్సు, నీళ్ళున్నాయా, ఎన్ని రోజులు, ఏమేం కావాలి, ఒక్కటీ తెలియలేదు. నేను లేపలేదు.